ఇయా సంత రోజు

దయ్యాలు, పూనకాలు, చేతబడులు మా ఇంట్లో మాట వరసకి కూడా ఎత్తకూడదు. మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక చిన్న సంఘానికి పాస్టరు. అలాంటివి నమ్మడం పాపమని ఆయన నేర్పారు. తర్వాత అమెరికా వచ్చి లైబ్రరీ పుస్తకాలు చదివాక, పాపం సంగతి అలా ఉంచి, నమ్మడానికి ఆధారమే లేదని నాకు నేను తేల్చుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేదాంట్లోనూ దయ్యం లేదు. చనిపోయి తిరిగొచ్చినవాళ్లు లేరు. ఉన్నది ఒక ముసలావిడ, ఒక గోడ క్యాలెండర్. కానీ ఇన్నేళ్లయినా నాకు తెగని లెక్క ఇదొక్కటే.

మేము 1979లో ఇల్లినాయ్‌లోని అరోరా వచ్చాం. మమ్మల్ని పిలిపించింది మా ఆయన అక్క రత్నకుమారి. నేను వదిన అంటాను. ఊరి చివర, ముసలివాళ్లు ఉండే ఒక నర్సింగ్ హోమ్‌లో రెండో అంతస్తుకి ఆవిడే హెడ్ నర్సు. నన్ను అక్కడే ఎయిడ్‌గా పెట్టించింది. ముసలివాళ్లకి స్నానాలు చేయించడం, తినిపించడం, పక్కలు మార్చడం, సాయంత్రం వెళ్లేముందు ఎవరు ఎలా ఉన్నారో చార్టులో రెండు ముక్కలు రాయడం నా పని.

నేను చదివింది పదో తరగతి, అదీ తెలుగు మీడియం. అరోరాలో నా పేరుతో వచ్చిన మొదటి కార్డు లైబ్రరీ కార్డు. మొదట పిల్లల గదిలో బొమ్మల పుస్తకాలు చదివాను. తర్వాత డిక్షనరీ పక్కన పెట్టుకుని ఎన్‌సైక్లోపీడియా మొదటి సంపుటం పట్టుకున్నాను. సెలవు రోజల్లా అక్కడే. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, 1983 నాటికి ఎమ్ అక్షరం దాకా వచ్చాను. అందుకే నైజీరియా గురించి అప్పటికి నాకు ఏమీ తెలియదు.

ఆ శరదృతువులో నైజీరియా ఆవిడ ఇయా మా అంతస్తుకి వచ్చింది. ఆవిడ అసలు పేరు నర్సులెవరికీ నోరు తిరిగేది కాదు. “ఇయా అనండి, మా యోరుబా భాషలో అమ్మ అని,” అంది కూతురు ఫోలాకే. ఫోలాకే షికాగో వైపు ఒక హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసేది. ఆమె పురిటికి సాయంగా ఇయా మూడేళ్ల కిందట ఈ దేశం వచ్చింది. పసిబిడ్డకి అమ్మమ్మే నలుగు పెట్టి స్నానం చేయించడం వాళ్లలోనూ ఉందట. తిరిగి వెళ్లేలోపే పక్షవాతం వచ్చింది. కాళ్లు చేతులు బాగానే కోలుకున్నాయి. మాట మాత్రం పోయింది. రోజు మొత్తం మీద నాలుగైదు మాటలు, అవీ యోరుబాలోనే. విమానం ఎక్కించొద్దని డాక్టరు చెప్పాడు.

ఫోలాకే ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాపని తీసుకుని వచ్చేది. వాళ్ల ఊరు ఎక్కడో పటంలో చూస్తానంటే నవ్వింది. “ఊరు కూడా కాదు. ముప్పై ఇళ్లు, చుట్టూ కోకో తోటలు. పటంలో వెతక్కండి, ఉండదు. నాకే సరిగ్గా గుర్తు లేదు. ఆరేళ్లప్పుడు చదువుకని ఇబాదాన్‌లో మా పిన్ని దగ్గరికి పంపేశారు.”

వచ్చిన రెండో వారం నుంచి గొడవ మొదలైంది. మిగతా రోజుల్లో ఇయా పెట్టింది తినేది, కూర్చోమన్నచోట కూర్చునేది. కొన్ని రోజులు మాత్రం నేను ఏడింటికి డ్యూటీకి వచ్చేసరికి బట్టలు కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడి ఉండేది. నెత్తిన మూట. మూటలో మా లాండ్రీ తువ్వాళ్లు, ఒకదాని మీద ఒకటి సాపుగా పేర్చి, పదేసి చొప్పున తాడుతో కట్టినవి. వెనక్కి తీసుకొస్తే చేతులు విదిలించి కొట్టేది. సాయంత్రం దాకా అన్నం ముట్టేది కాదు.

ఆ రోజుల్లో అలా బయటికి నడిచేవాళ్లని కుర్చీకి బెల్టుతో కట్టేయడం మామూలే. డాక్టరు సంతకం ఉంటే చాలు. వదిన ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

“వదినా, రెండు వారాలు ఆగండి. ఏ రోజు లేస్తుందో రాసి చూస్తాను.”

“రాసి ఏం చేస్తావమ్మాయ్? ఆవిడ మెట్ల మీద పడితే పోయేది నా లైసెన్సు. నీ లైబ్రరీ కార్డు కాదు.”

అన్నది గానీ, ఆగింది.

తువ్వాళ్ల సంగతి ఫోలాకేకి చెప్తే వెంటనే పోల్చుకుంది. “ఆకులు అవి. మా అమ్మ ఆకులమ్మేది. ఉడికించినవి చుట్టుకోవడానికి వెడల్పు ఆకులు. పది కలిపి కట్ట.” నాకు మా ఊళ్లో విస్తరాకుల కట్టలు గుర్తొచ్చాయి. అయితే ఈవిడ సంతకి బయల్దేరుతోందన్నమాట.

నేను రాసుకున్న తేదీలు అప్పటికి మూడున్నాయి. ఒక్కోదానికీ తేడా నాలుగు రోజులు. లైబ్రరీలో రిఫరెన్స్ బల్ల దగ్గర కూర్చునే ఆవిడని అడిగితే, యోరుబా సంతల మీద ఒక పుస్తకం వేరే ఊరి నుంచి తెప్పించి పెట్టింది. చుట్టుపక్కల నాలుగు ఊళ్లు వంతులవారీగా సంత పెట్టుకుంటాయట. ఒక్కో ఊరికీ అది అయిదో రోజు సంత అని ఉంది అందులో. వెంటనే క్యాలెండర్ మీద అయిదు రోజులకొక గీత గీసేశాను. నా కళ్లతో చూసి రాసుకున్న తేదీల కంటే అచ్చులో ఉన్న మాట మీదే నాకు గురి.

ఇయా నా గీతకి ఒకరోజు ముందే మూట కట్టేసింది. “పుస్తకం చదివింది నువ్వు, సంతకెళ్లేది ఆవిడ. ఇద్దరికీ కుదరట్లేదు,” అని వదిన నర్సుల స్టేషన్లో అందరి ముందూ నవ్వింది. తల వంచుకుని పుస్తకం మళ్లీ తిరగేస్తే కింద చిన్న అక్షరాల్లో ఉంది, వాళ్లు ఈ సంతనీ వచ్చే సంతనీ రెంటినీ కలిపి లెక్కపెడతారని. అంటే మన లెక్కలో నాలుగు. బిడ్డ పుట్టిన రోజుని కూడా కలుపుకుని పదకొండో రోజు పురుడు లెక్కపెట్టే దేశం నుంచి వచ్చి, నేను చేసిన తప్పు అది.

గీతలు సరిచేశాక నవంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇరవై సంతలకి పైనే. వదినతో ఒప్పందం కుదిరింది. గీత ఉన్న రోజు నేను ఇయాని మూటతో సహా కారిడార్ చుట్టూ తిప్పాలి. లెక్క నిలబడినంత కాలం బెల్టు లేదు. ఆ రోజు ఆవిడ ఒక్కో గది గుమ్మం దగ్గర ఆగి తువ్వాళ్ల కట్ట చూపించేది. పదకొండో గదిలో ఉండే ఒక ముసలి రైతు పంచదార పొట్లాలు ఇచ్చి కట్ట తీసుకునేవాడు. రెండు పొట్లాలిస్తే ఇయా కదిలేది కాదు, మూడోది చేతిలో పెట్టేదాకా గుమ్మంలోనే నిలబడేది. “ఈవిడతో బేరమాడి మా ఆవిడ కూడా గెలవలేదు,” అనేవాడాయన. వాళ్లావిడ పోయి పదేళ్లయింది. మధ్యాహ్నానికి మూట ఖాళీ. ఇయా కడుపునిండా తిని పడుకునేది.

ఇక్కడి నుంచి తేదీలు జాగ్రత్తగా చెప్తాను. నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది.

1984 ఫిబ్రవరి ఆరు, సోమవారం. గీత ఉన్న రోజు. మామూలుగానే తిరిగింది.

పదో తేదీ, శుక్రవారం. గీత ఉంది. ఇయా లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. జ్వరం లేదు, దగ్గు లేదు. తువ్వాళ్లు ముందు పెడితే పక్కకి తోసేసింది.

పద్నాలుగు, మంగళవారం. మళ్లీ అంతే. ఆ రోజు తలకి గుడ్డ కూడా చుట్టుకోలేదు. మనిషి నీరసించిపోతోందేమోనని భయపడ్డాను. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు.

పద్దెనిమిది, శనివారం. నేను మూట కట్టి పెట్టుకుని పక్కనే కూర్చున్నాను. కదల్లేదు. ఆ సాయంత్రం చార్టులో నా చేత్తో రాశాను, సంత అలవాటు పోయినట్టుంది, ఇక తిప్పాల్సిన పని లేదు అని. వదిన చదివి, మంచిదేలే అంది.

పంతొమ్మిది, ఆదివారం. నాకు సెలవు. మేము నాలుగు తెలుగు కుటుంబాలం ఒకరింట్లో ప్రార్థన పెట్టుకునేవాళ్లం. మేమంతా అక్కడ పాటలు పాడుకుంటున్న సమయంలో ఇయా మూట కట్టుకుని, వంటగది వెనక సామాన్లు దింపే తలుపులోంచి బయటికి నడిచింది. మోకాలి దాకా మంచు. కోటు లేదు. కాళ్లకి గుడ్డ చెప్పులు. పార్కింగ్ లాట్ దాటి రోడ్డు అంచు దాకా వెళ్లాక ఎవరినో చూడటానికి వచ్చినాయన కారాపి పట్టుకున్నాడు. మూట నెత్తిన అలాగే ఉందట. రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి. తర్వాత నయమయ్యాయి గానీ, ఇంకో పావుగంటైతే మనిషి దక్కేది కాదని డాక్టరు అన్నాడు.

సోమవారం నేను వెళ్లేసరికి బెల్టు కాగితం మీద డాక్టరు సంతకం అయిపోయింది.

“సుగుణా, నీ సంత లెక్క నిన్నటితో సరి. నిన్న గీత ఉందా?”

“లేదు వదినా.”

“మరి? నన్ను చెడ్డదాన్ని చెయ్యకు. ఆవిడ బతికుంటే చాలు నాకు.”

గీత లేని రోజు లేచిందంటే ఇయాకి మతి తప్పిందనే నేనూ అనుకున్నాను. ఆ బెల్టు పట్టీ నడుము చుట్టూ తిప్పి కుర్చీ వెనక ముడేసింది నేనే. ఇయా నా చేతులవంక చూస్తూ కూర్చుంది. క్యాలెండర్ తీసి సొరుగులో పెట్టేశాను.

అయిదు వారాలు గడిచాయి. మార్చి ఇరవై అయిదు, ఆదివారం. ఆ రోజు నాకు డ్యూటీ ఉంది. ఫోలాకే ఒక ఉత్తరం పట్టుకుని వచ్చింది. ఇయా తమ్ముడి కొడుకు రాసింది. అతను వాళ్ల దగ్గర బడిలో మాస్టరు. ఆ పల్లెలో పోస్టాఫీసు లేదు, ఫోను లేదు. ఇబాదాన్ వెళ్లేవాళ్ల చేతికిచ్చి పోస్టు చేయించాడట. పైన వేసిన తేదీ మార్చి మొదటివారంది. ఫోలాకే తల్లికి యోరుబాలో చదివి, నాకు ఇంగ్లీషులో చెప్పింది.

పంటల సంగతి, పెళ్లిళ్ల సంగతి అయ్యాక ఇలా ఉంది. వాళ్ల పల్లెలన్నీ ఏ పెద్ద ఊరి కిందికి వస్తాయో, ఆ ఊరి రాజు ఫిబ్రవరిలో చనిపోయాడు. రాజు పోతే సంతలు మూసేయడం వాళ్ల ఆచారం. మా సంత రెండుసార్లు జరగలేదు అని రాశాడు. మళ్లీ తెరిచేటప్పుడు ఇయా వాళ్ల రోజుని పెద్ద ఊరు తీసేసుకుంది. వీళ్ల సంతని మర్నాటికి జరిపారు. ఆ రోజు అసలు సంత పెట్టుకునే పక్కపల్లె వాళ్లు చాలామంది తారురోడ్డు పక్కకి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు, అక్కడ సంత ఎప్పుడో ఆగిపోయింది, కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. కొత్త రోజున మొదటి సంత సరిగ్గా ఆదివారం పడింది. జనమంతా అటే పోయారు, చర్చి సగం ఖాళీ, పాస్టరుగారు ఆ రోజు నుంచి సంతని తిడుతూనే ఉన్నారు.

ఫోలాకే నవ్వుతూ చదువుతోంది. నేను మధ్యలో ఆపాను.

“ఆ ఆదివారం తేదీ రాశాడా?” అని అడిగాను.

రాశాడు. ఫిబ్రవరి పంతొమ్మిది.

స్టేషన్‌కి వెళ్లి ఇయా చార్టు తీశాను. బెల్టు కట్టాక నేను గీతలు గీయలేదు కానీ, ముగ్గురు నలుగురం ఎయిడ్‌లం రోజూ ఎవరి ముక్కలు వాళ్లం రాస్తూనే ఉన్నాం. ఎక్కువ పెనుగులాట, బెల్టు తెంపుకోబోయింది, అన్నం ముట్టలేదు అని ఉన్న రోజులు వేరే కాగితం మీద దింపాను. ఫిబ్రవరి ఇరవై మూడు, ఇరవై ఏడు. మార్చి రెండు, ఆరు, పది, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై రెండు. పంతొమ్మిది నుంచి నాలుగు నాలుగు లెక్కపెట్టండి, ఆ ఏడు ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు. రాసినవాళ్లలో ఇద్దరికి ఆవిడది ఏ ఖండమో కూడా తెలియదు.

నేను అంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు. సందర్శకుల పుస్తకం చూశాను. ఫిబ్రవరి అంతా ఫోలాకే, పాప తప్ప ఎవరూ రాలేదు. ఫోలాకేకి ఉత్తరం వచ్చేదాకా ఏమీ తెలియదు. ఫోన్లు లేవు. మా దగ్గర రేడియోలో నైజీరియా పేరే వినపడదు, ఇక ఒక చిన్న ఊరి రాజు సంగతి ఎవరు చెప్తారు. కాకతాళీయం అనుకోవచ్చు. రోజు మారడమంటూ జరిగితే అది మారగలిగేది మూడు రోజుల్లో ఒకదానికి, కాబట్టి మూడింట ఒకటి పొరపాటున కలవచ్చు. దాన్ని ఒప్పుకుంటాను. కానీ అంతకుముందు ఇరవై సార్లకి పైగా తప్పని మనిషి, సరిగ్గా ఆ రెండు సంతలే ఎందుకు మానుకుంది? మూడోసారి నేను మూట కట్టి ఇచ్చినా ఎందుకు లేవలేదు?

ఫోలాకే చేతే అడిగించాను, ఎవరు చెప్పారమ్మా అని. ఇయా కూతుర్ని కాసేపు చూసింది. చిన్నపిల్ల తెలివితక్కువ ప్రశ్న వేస్తే చూసినట్టు. తర్వాత మెల్లగా, కూడబలుక్కుని రెండు మూడు మాటలు అంది.

“ఏమన్నారు?”

“మా సంత నాకు ఒకరు చెప్పాలా, అంటోంది.”

కాగితం, ఉత్తరం తీసుకుని వదిన దగ్గరికి వెళ్లాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని తేదీల మీద వేలు ఆనించి ఒక్కోటే చూసింది. రెండుసార్లు చూసింది. మా నాన్నలాగే వాళ్ల నాన్నా సంఘంలో పెద్ద. ఇలాంటివి వింటేనే చిరాకు పడే మనిషి.

“రేపు ఎన్నో తేదీ?”

“ఇరవై ఆరు. సంతే వదినా.”

“డాక్టర్‌కి ఏం చెప్పి తీయమంటావ్ దీన్ని?”

“సంత రోజు మారిందని చెప్పండి.”

“నోర్ముయ్,” అంది. అని లేచి, గదిలోకి వెళ్లి, ఇయా కుర్చీ వెనక వంగి ముడి తానే విప్పింది. ముడి బిగుసుకుపోయి చాలాసేపు పట్టింది. చార్టులో కూడా తానే రాసింది, నడక కార్యక్రమం మళ్లీ మొదలు, రోజులు మార్చడమైనది అని. ఇయా నడుము మీద పట్టీ ఆనినచోట చర్మం మందంగా, నున్నగా అయిపోయింది. దానికి నూనె రాసేదాన్ని రోజూ.

సోమవారం ఉదయం ఏడింటికి లిఫ్టు దగ్గర ఇయా మూటతో సిద్ధంగా ఉంది. పదకొండో గది రైతు, ఇన్నాళ్లూ ఏ ఊరు పోయావమ్మా అని అడిగాడు.

ఇయా ఇంకో రెండేళ్లు మా దగ్గరే ఉంది. నేను ఆ తర్వాత ఎన్‌సైక్లోపీడియా పూర్తి చేశాను. మనిషి శరీరంలో గడియారం లాంటిది ఉంటుందని, వెలుతురు చీకట్ల లెక్క అది పట్టుకుంటుందని చదివాను. బహుశా నాలుగు రోజుల లెక్కని కూడా పట్టుకోవచ్చు. కానీ సముద్రం అవతల పెద్దమనుషులు కూర్చుని రోజు మార్చుకుంటే, ఆ మార్పు అరోరాలో మంచం మీద పడుకున్న మనిషికి ఎలా చేరుతుందో ఏ సంపుటంలోనూ లేదు. మా ఆయన యాదృచ్ఛికం అంటాడు. వదిన ఆ మాటే ఎత్తనివ్వదు. నాకు ఇవాళ్టికీ తెలియదు.

ముడి విప్పిన మర్నాడే సొరుగులోంచి క్యాలెండర్ తీసి మళ్లీ గోడకి తగిలించాను. అయితే ముందుగా గీతలు గీయడం మానేశాను. ఉదయం వచ్చి, ఇయా లిఫ్టు దగ్గర నిలబడి ఉందో లేదో చూసి, అప్పుడు గీసేదాన్ని.